బంతి లేని ఆటగాని హక్కు
ఫుట్‌బాల్ పన్నెండవ నిబంధనపై ఒక పరిశీలన

ఫుట్‌బాల్ మైదానములో ఇరుజట్లవారు కలిసి 22 మంది ఉంటారు. బంతి మాత్రము ఒక్కటే. అనగా ఏ క్షణములో చూచినా కనీసము 21 మంది వద్ద బంతి ఉండదు. ప్రేక్షకుల చూపు బంతి వెంటనే పోతుంది. రిఫరీ చూపు కూడా చాలవరకు అటే తిరుగుతుంది. కాని ఆటలో అన్యాయము జరిగే చోటు చాలాసార్లు బంతికి దూరముగానే ఉంటుంది. పాస్ అందుకొనుటకు పరుగెత్తే ఫార్వర్డ్ చొక్కాను వెనుకనుండి డిఫెండర్ ఒక్కసారి పట్టి లాగితే ఆ పరుగు ఒక అడుగు వెనుకబడుతుంది. ఆ ఒక్క అడుగు చాలు, అందవలసిన బంతి అందకుండా పోవుటకు. చొక్కా లాగినవానిని ఎవరూ చూడరు. బంతి అందుకోలేకపోయినవానిని మాత్రము అందరూ నిందిస్తారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల విద్యార్థులు స్నేహపూర్వకముగా ఆడుకొనే పోటీలలో శిక్షణ పొందిన రిఫరీ లభించుట కష్టము. పై తరగతి విద్యార్థి ఒకడు ఈల పుచ్చుకొని మైదానములోకి దిగుతాడు. గోల్ పడినదా లేదా అన్న విషయములో పెద్దగా తగాదా రాదు. బంతి చేతికి తగిలినదా అన్న విషయములో కొంత వస్తుంది. కాని "వాడు నన్ను పట్టుకొన్నాడు", "నేను పట్టుకోలేదు, వాడే వచ్చి నాకు తగిలాడు" అన్న వాదము మొదలైతే ఆట ఆగిపోతుంది. ఈ వాదమును తీర్చుటకు నిబంధనలు ఏమి చెబుతున్నవో, వాటిని ఎట్లు అన్వయించుకోవలెనో విద్యార్థి మిత్రులకు వివరించుటే ఈ వ్యాసములో మా ఉద్దేశము.

నిబంధన ఏమి చెబుతున్నది?

ఫుట్‌బాల్ నిబంధనలు మొదట 1863లో ఇంగ్లండులో వ్రాయబడినవి. 1886లో ఏర్పడిన అంతర్జాతీయ మండలి వాటిని నేటికీ సవరిస్తూ వస్తున్నది. మొత్తము నిబంధనలు 17. వీటిలో తప్పులను, దుష్ప్రవర్తనను గురించి చెప్పేది 12వ నిబంధన. రిఫరీలకు ఎక్కువ పరీక్ష పెట్టే నిబంధన ఇదే.

ఎదుటివానిని తన్నుట, తన్నబోవుట, కాలు అడ్డుపెట్టి పడవేయుట, మీదికి దూకుట, నెట్టుట, కొట్టుట, ఢీకొనుట మొదలైన పనులు అజాగ్రత్తగాగాని, లెక్కలేనితనముతోగాని, మితిమీరిన బలముతోగాని చేస్తే అవి తప్పులు. వీటికి డైరెక్ట్ ఫ్రీకిక్ ఇవ్వవలెను. ఆ తప్పు డిఫెండర్ తన పెనాల్టీ ఏరియాలో చేస్తే పెనాల్టీ కిక్ ఇవ్వవలెను. అజాగ్రత్త అయితే ఫ్రీకిక్‌తో సరి. ఎదుటివానికి ప్రమాదము కలుగునేమో అన్న లెక్క లేకుండా చేస్తే పసుపు కార్డు. అవసరమునకు మించిన బలము ప్రయోగించి ఎదుటివాని శరీరమునకు అపాయము తెచ్చేట్టు చేస్తే ఎర్ర కార్డు.

పట్టుకొనుట మాత్రము ఈ కొలతలకు లోబడినది కాదు. పట్టుకొనుటలో జాగ్రత్త, అజాగ్రత్త అన్న భేదము లేదు. ఎదుటివాని శరీరమునుగాని దుస్తులనుగాని పట్టుట వలన అతని కదలికకు ఆటంకము కలిగితే అది తప్పు. ఇక్కడ "ఆటంకము" అన్న మాటను విద్యార్థులు గుర్తుంచుకోవలెను. చేయి తగిలినంత మాత్రమున తప్పు కాదు. ఆ చేయి పరుగును ఆపినదా, మందగింపజేసినదా, దారి మళ్లించినదా అన్నది ప్రశ్న.

దారిలో ఉండుట వేరు, దారికి అడ్డము వచ్చుట వేరు

బంతి లేని ఆటగానికి సంబంధించిన రెండవ ముఖ్య విషయము అడ్డగించుట. దీనిని పూర్వము "అబ్‌స్ట్రక్షన్" అనేవారు. పాత తరము ఆటగాళ్లు ఇప్పటికీ ఆ మాటే వాడుతారు. బంతి ఇద్దరిలో ఎవరికీ ఆడగల దూరములో లేనప్పుడు, ఎదుటివాని దారిలోకి జరిగి అతనిని ఆపుట, నెమ్మదింపజేయుట, ప్రక్కకు మళ్లేట్టు చేయుట తప్పు. శరీరము తగలకుండా అడ్డగిస్తే ఇండైరెక్ట్ ఫ్రీకిక్. తగిలి అడ్డగిస్తే డైరెక్ట్ ఫ్రీకిక్. పెనాల్టీ ఏరియాలో డిఫెండర్ చేస్తే పెనాల్టీ. 2016లో నిబంధనలను సమగ్రముగా సవరించినప్పుడు ఈ భేదము స్పష్టముగా చేర్చబడినది.

"ఆడగల దూరము" అనగా ఎంత? దీనికి మీటర్లలో కొలత లేదు. ఆటగాడు కాలు చాచిగాని, ఎగిరిగాని బంతిని తాకగల దూరమే అది. పొడగరికి కొంత ఎక్కువ, పొట్టివానికి కొంత తక్కువ. కనుక రిఫరీ బంతిని, ఇద్దరు మనుషులను ఒకే చూపులో పెట్టుకొని నిర్ణయించవలెను.

అయితే మైదానములో ప్రతి ఆటగానికి తాను నిలబడిన చోటుపై హక్కు కలదు. డిఫెండర్ ముందే వచ్చి ఒక చోట నిలబడితే, ఫార్వర్డ్ అతనిని చుట్టి పోవలసినదే. నిలబడినవాడు ప్రక్కకు తొలగి దారి ఇవ్వవలెనని ఏ నిబంధనా చెప్పలేదు. ఎదుటివాడు రావడము చూచి చివరి క్షణములో అతని దారిలోకి జరిగితేనే అది అడ్డగించుట అగును.

సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మిత్రులకు ఈ విషయము సులభముగా బోధపడుతుంది. పడుగు దారాలు ఒక దిక్కున, పేక దారము మరొక దిక్కున పోతాయి. ఒకదానినొకటి దాటకుండా బట్ట తయారు కాదు. దాటుట దోషము కాదు, చిక్కుపడుట దోషము. ఇరుజట్ల పరుగులు కూడా ఒకదానినొకటి దాటుతూనే ఉంటాయి. ఒకని పరుగును మరొకడు కావాలని చిక్కుపరచినప్పుడే ఈల మ్రోగవలెను.

భుజముతో ఒరసుకొనుట

ఫుట్‌బాల్ తాకిడి లేని ఆట కాదు. బంతి ఆడగల దూరములో ఉన్నప్పుడు భుజమునకు భుజము ఆనించి, చేతులు దగ్గరగా ఉంచుకొని, తగిన బలముతో ఎదుటివానిని ఒరసుకొనుట ధర్మమైన ఆటయే. బంతిని శరీరము చాటున దాచుకొనుట కూడా ధర్మమే. కాని బంతి పది గజాల అవతల ఉండగా అదే భుజముతో అదే ఒరిపిడి చేస్తే అది తప్పు అగును. పని ఒకటే, బలమూ ఒకటే. మారినది బంతి ఉన్న చోటు మాత్రమే. డిఫెండరుకు బంతిపై హక్కు కలదు, తన చోటుపై హక్కు కలదు. ఎదుటివాని పరుగుపై మాత్రము హక్కు లేదు. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఇదే.

కబడ్డీ అలవాటు

మన ప్రాంతములో చాలామంది విద్యార్థులు కబడ్డీ ఆడి, ఆ తరువాత ఫుట్‌బాల్‌కు వస్తారు. కబడ్డీలో పట్టు ఒక విద్య. కూతకు వచ్చినవానిని కాలుగాని, నడుముగాని పట్టి ఆపుట అక్కడ నేర్పు. అయినా ఆ ఆటలోనూ పట్టుకు హద్దులున్నవి. జుట్టు పట్టరాదు, దుస్తులు పట్టరాదు, నోరు మూసి కూత ఆపరాదు, కావాలని గీత అవతలికి నెట్టరాదు. పట్టుకొనుటే ప్రాణమైన ఆటకే ఇన్ని హద్దులుంటే, పట్టుకొనుటే తప్పైన ఆటలో ఎంత జాగ్రత్త కావలెనో ఆలోచించండి. కబడ్డీ మైదానములో మెచ్చుకొన్న చేతులను ఫుట్‌బాల్ మైదానములో అదుపులో పెట్టుకొనుట కొత్త ఆటగానికి మొదటి పాఠము.

అమెరికా ఫుట్‌బాల్‌లో ఇదే ప్రశ్న

అమెరికాలో ఫుట్‌బాల్ అనగా వేరొక ఆట. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేత పట్టి పరుగెత్తుతారు, ముందుకు విసురుతారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు పాఠశాలలో చూచే ఫుట్‌బాల్ ఇదే. 2012లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా పేరిట ఆ ఆటను మన దేశీయులకు పరిచయము చేసే ప్రయత్నము జరిగినప్పుడు హైదరాబాదు స్కైకింగ్స్ అను జట్టు కూడా అందులో ఉన్నది.

ఆ ఆటలో ముందుకు విసిరిన బంతిని అందుకొనే అర్హత అందరికీ లేదు. వరుసకు రెండు చివరల ఉన్నవారికి, వరుస వెనుక నిలిచినవారికి ఆ అర్హత కలదు. వరుస మధ్యనున్న అయిదుగురికి సాధారణముగా లేదు. అర్హత గల ఆ పరుగువానిని డిఫెండర్ ఎంతవరకు తాకవచ్చును? వృత్తి ఆటగాళ్ల లీగు 1978లో దీనికి ఒక గీత గీచినది. ఆట మొదలైన వరుసనుండి 5 గజాల లోపల డిఫెండర్ అతనిని తాకి ఆపవచ్చును; ఆ తరువాత తాకి ఆటంకపరచరాదు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులోని మెల్ బ్లౌంట్ అను డిఫెండర్ ఎదుటివారిని కదలనీయకుండా ఆడిన తీరు వలన ఆ నియమమునకు అతని పేరే వాడుకలో నిలిచినది.

అక్కడి ఉన్నత పాఠశాలల నియమము మాత్రము గజాలను లెక్కించదు. పరుగువాడు డిఫెండరుకు ఎదురుగా వస్తున్నంతసేపు అతడు తనను అడ్డుకోవచ్చును గనుక డిఫెండర్ అతనిని చేతులతో ఆపవచ్చును. పరుగువాడు డిఫెండరుతో సమానమైన గీతకు చేరినా, అతనిని దాటినా, అతనికి దూరముగా మళ్లినా, ఇక అతడు అడ్డుకొనేవాడు కాడు. ఆపైన తాకి ఆపుట తప్పు. ఒక నియమము చోటును కొలుస్తున్నది. మరొకటి పరుగువాని ఉద్దేశమును కొలుస్తున్నది. మొదటిది రిఫరీకి సులభము. రెండవది న్యాయమునకు దగ్గర.

బంతి గాలిలో ఉన్నప్పుడు నియమము మరింత కఠినము. ఇద్దరూ బంతి కొరకే ఎగిరి ఒకరినొకరు తాకితే తప్పు లేదు. ఒకడు బంతిని చూడక మనిషినే ఆపితే తప్పు. సముద్రాల అవతల పుట్టిన వేరొక ఆట కూడా చివరకు మన ఆట అడిగే ప్రశ్ననే అడుగుచున్నది: నీవు ఆడినది బంతినా, మనిషినా?

హైదరాబాదు సంప్రదాయము

మన భాషా ప్రాంతములో ఫుట్‌బాల్‌కు గొప్ప చరిత్ర కలదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. ఆ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకము సాధించినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానము పొందినది. ఆ మెల్‌బోర్న్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ మొదలైన హైదరాబాదు, సికింద్రాబాదు ఆటగాళ్లు ఉన్నారు. ఉర్దూ మాట్లాడే ఇంటివాడు, తెలుగు, తమిళము మాట్లాడే ఇంటివాడు ఒకే జట్టులో ఒకరి పాస్ ఒకరు అందుకొన్నారు.

రహీమ్ గారు బంతిని తన కాళ్ల వద్దనే ఉంచుకొనే ఆటను ప్రోత్సహించలేదు. త్వరగా పాస్ చేయుట నేర్పుటకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు కూడా నడిపించారు. ఇట్టి ఆటకు ప్రాణము బంతి లేని ఆటగాని పరుగు. పాస్ ఇచ్చేవాడు ఎంత నేర్పరి అయినా, అందుకొనేవానిని చొక్కా పట్టి ఆపితే ఆ నేర్పు మట్టిపాలు. కనుక 12వ నిబంధనను సరిగా అమలు జరుపుట కేవలము క్రమశిక్షణ కొరకే కాదు, మంచి ఆట బ్రతుకుట కొరకు కూడా అవసరము.

రహీమ్ గారి కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. తరువాత ఆయన అంతర్జాతీయ రిఫరీగా పేరు పొందారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము అందుకొని, 2021లో కన్నుమూశారు. తండ్రి పరుగు నేర్పితే కుమారుడు ఈల పట్టి పరుగుకు కాపలా కాచాడన్నమాట. నేడు మన పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఫార్వర్డ్‌గా పేరు తెచ్చుకొన్నది. మన బాలికలు కూడా మైదానములోకి వస్తున్న ఈ రోజులలో, బలముకన్న వేగమును నమ్ముకొన్న ఆటగాళ్లకు ఈ నిబంధన ఇచ్చే రక్షణ మరింత విలువైనది.

కొన్ని సందర్భాలు, వాటి నిర్ణయాలు

జగిత్యాల జట్టు దాడి చేస్తున్నదనీ, కోరుట్ల జట్టు రక్షించుకొంటున్నదనీ, సిరిసిల్ల విద్యార్థి రిఫరీ అనీ అనుకొందాము.

1. కోరుట్ల డిఫెండర్ కదలక నిలబడి ఉన్నాడు. జగిత్యాల ఫార్వర్డ్ బంతినే చూస్తూ పరుగెత్తి అతనికి తగిలి పడిపోయాడు. డిఫెండర్ తప్పు లేదు. ఆట సాగించవలెను.

2. బంతి 15 మీటర్ల దూరములో ఉన్నది. ఫార్వర్డ్ వస్తున్న దారిలోకి డిఫెండర్ జరిగాడు. ఫార్వర్డ్ అతనికి తగలక ఆగిపోయాడు. ఇండైరెక్ట్ ఫ్రీకిక్. తగిలి ఉంటే డైరెక్ట్.

3. బంతి గీత దాటిపోబోతున్నది. డిఫెండర్ బంతికి అడుగు దూరములో ఉండి ఫార్వర్డ్‌కు అందకుండా మధ్య నిలిచాడు. ఇది ధర్మమే. కాని చేతులు వెనుకకు చాచి నెట్టినట్లయితే తప్పు.

4. డిఫెండర్ పెనాల్టీ ఏరియా బయట చొక్కా పట్టాడు. లోపలికి వచ్చేవరకు విడువలేదు. పెనాల్టీ కిక్ ఇవ్వవలెను. "మొదట పట్టినది బయటనే గదా" అన్న వాదము చెల్లదు.

5. కార్నర్ కిక్ తన్నకముందే ఇద్దరు పెనుగులాడుతున్నారు. బంతి ఆటలో లేదు గనుక ఫ్రీకిక్ గాని పెనాల్టీ గాని ఉండదు. రిఫరీ కిక్‌ను ఆపి ఇద్దరినీ మందలించవలెను. అవసరమైతే కార్డు చూపవలెను. ఆ తరువాత కూడా పట్టుకొంటే దయ చూపనవసరము లేదు.

6. ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్ చోట ఉన్నాడు. తన జట్టువాడు పంపిన బంతి వైపు కదులుతున్నాడు. ఇంకను బంతిని ఆడబోలేదు, ఎవరితోను పోటీపడలేదు. అప్పుడే డిఫెండర్ అతనిని పడవేశాడు. చాలామంది "వాడు ఆఫ్‌సైడ్ గనుక తప్పు లేదు" అంటారు. అది సరికాదు. పడవేయుట ముందు జరిగినది గనుక దానికే శిక్ష. ఆఫ్‌సైడ్ చోట నిలబడినంత మాత్రమున ఆటగాడు దెబ్బలకు అర్హుడు కాడు.

7. గోల్‌కీపర్ తప్ప ఎదురు లేని ఫార్వర్డ్‌ను పెనాల్టీ ఏరియాలో వెనుకనుండి పట్టి ఆపారు. స్పష్టమైన గోల్ అవకాశమును నిర్ణయించుటకు నాలుగు విషయాలు చూడవలెను: గోల్‌కు ఎంత దూరము, ఆట ఏ దిక్కుగా సాగుతున్నది, బంతి అతనికి దక్కునా, రక్షకులు ఎందరు ఎక్కడ ఉన్నారు. నాలుగూ సరిపడితే పెనాల్టీతోపాటు ఎర్ర కార్డు. బంతి కొరకు ప్రయత్నించి తప్పు చేసినవానికి 2016నుండి పెనాల్టీతోపాటు పసుపు కార్డు చాలును; పట్టుట, లాగుట, నెట్టుట మాత్రము బంతి కొరకు చేసిన ప్రయత్నముగా లెక్కకు రావు.

8. చొక్కా పట్టినా ఫార్వర్డ్ విడిపించుకొని ముందుకు సాగాడు. వెంటనే ఈల ఊదరాదు. కొన్ని క్షణాలు చూచి, అనుకూలత దక్కితే ఆట సాగనివ్వవలెను. దక్కకపోతే అప్పుడు ఈల ఊదవచ్చును. వెంటనే ఊదిన ఈల ఒక్కొక్కప్పుడు తప్పు చేసినవానికే మేలు చేస్తుంది.

రిఫరీగా నిలబడే విద్యార్థికి

ఇన్ని వివరాలు పరుగెత్తుతూ గుర్తుంచుకొనుట ఎట్లు అని అడగవచ్చును. మేము అయిదు ప్రశ్నలను సూచిస్తున్నాము. బంతి ఆడగల దూరములో ఉన్నదా? డిఫెండర్ దారిలో ఉన్నాడా, దారిలోకి వచ్చాడా? తాకినది భుజమా, చేయా? ఎదుటివాని పరుగు నిజముగా దెబ్బతిన్నదా? ఆ తాకుడులో ఎంత ప్రమాదము ఉన్నది? మొదటి నాలుగు ప్రశ్నలు తప్పు ఉన్నదా లేదా అని తేల్చుతాయి. అయిదవది కార్డు కావలెనా అని తేల్చుతుంది.

ప్రతి తాకుడుకు ఈల ఊదితే ఆట చచ్చిపోతుందని కొందరు అంటారు. ఆ మాటలో నిజము లేకపోలేదు. పరుగును దెబ్బతీయని చిన్న తాకుడును విడిచిపెట్టుట మంచి రిఫరీ లక్షణమే. కాని పరుగును దెబ్బతీసిన చిన్న లాగుడును విడిచిపెడితే, రెండవ లాగుడు పెద్దదవుతుంది. మూడవదానికి మోచేయి లేస్తుంది. ఆపైన దెబ్బలు, పగలు. మొదటి పది నిమిషాలలో ఒకసారి నిష్పక్షపాతముగా ఊదిన ఈల తరువాతి ఎనభై నిమిషాలను కాపాడుతుంది.

మన పోటీలలో ఆచరించదగిన చిన్న ఏర్పాటు ఒకటి కలదు. ఆట మొదలుకాకముందు ఇద్దరు నాయకులు, రిఫరీ కూర్చుండి 12వ నిబంధనను ఒకసారి కలిసి చదువుకోవలెను. గీత వద్ద నిలిచే సహాయకులు ఆఫ్‌సైడ్‌ను, గీత దాటిన బంతిని చూస్తూనే, రిఫరీ బంతి వెంట పోయినప్పుడు బంతికి దూరముగా పరుగెత్తేవారిపై కూడా ఒక కన్ను వేసి ఉంచవలెను. దీనికి ఖర్చు లేదు, అనుమతి అక్కరలేదు.

తీర్పు తమకు ప్రతికూలముగా వచ్చినప్పుడు తల వంచుట ఆటగాని సంస్కారము. తన ఊరి జట్టుకు ప్రతికూలముగా సరియైన తీర్పు ఇచ్చుట రిఫరీ ధైర్యము. బంతి ఉన్నవానిని అందరూ చూస్తారు. బంతి లేనివానికి న్యాయము జరిగేట్టు చూచుట నేర్చుకొన్న విద్యార్థి, మైదానము విడిచిన తరువాత కూడా ఆ చూపును పోగొట్టుకొనడని మా నమ్మకము.